సీసాల్లో విత్తనాలు పాతిన బీల్ మాస్టారు

మన గోడ పత్రికలో ఈసారి మహనీయుల జీవితం రాసే వంతు నాది. గాంధీజీ, అల్లూరి సీతారామరాజు, మేడం క్యూరీ, వీళ్ల గురించి మన సీనియర్లు ఇదివరకే రాసేశారు. అందుకని నేను ఒక బోటనీ మాస్టారిని ఎంచుకున్నాను. ఆయన పేరు విలియం జేమ్స్ బీల్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం వారు. ఆయన చనిపోయి నూరేళ్లు దాటిపోయింది గాని, విత్తనాల శాస్త్రం చదివే వాళ్లకు ఆయన పేరు బాగా తెలుసు. కారణం ఏమిటంటే, 1879లో ఆయన మొదలుపెట్టిన ఒక పరిశోధన ఈ రోజుకీ పూర్తి కాలేదు. సంవత్సరం తప్పు రాశానని ఎవరూ పెన్సిల్‌తో దిద్దకండి. 1879 నిజమే.

బీల్ మాస్టారు 1833 మార్చి 11న మిషిగన్‌లోని ఏడ్రియన్ అనే చోట పుట్టారు. అమ్మానాన్నలు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వారు. అప్పటికి మిషిగన్ ఇంకా రాష్ట్రం కూడా కాలేదు, 1837లో అయింది. చుట్టూ అడవి. బయటి నుంచి వచ్చిన కుటుంబాలు అడవి కొట్టి, మోళ్లు తీసి, నేల చదును చేసి పంట వేసేవి. ఇది వింటే మనకు పోడు గుర్తుకు వస్తుంది. కాని ఒక తేడా ఉంది. ఆ నేల అంతకుముందు ఒట్టావా, చిప్పెవా, వయాన్‌డాట్, పొటవాటమి అనే అక్కడి ఆదివాసులది. 1807లో ఒక ఒప్పందం పేరుతో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. మనం గిరిజన పిల్లలం కాబట్టి ఈ సంగతి కూడా తెలిసి ఉండాలని రాశాను. ఇక అసలు కథకు వస్తాను.

మాస్టారు 1859లో మిషిగన్ యూనివర్సిటీలో డిగ్రీ చదివారు. కొన్నాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో ఒక స్కూల్లో పాఠాలు చెప్పారు. తర్వాత హార్వర్డ్‌కు పోయి 1865లో ఇంకో డిగ్రీ తీసుకున్నారు. అక్కడ ఆయనకు ఇద్దరు పెద్ద గురువులు దొరికారు. ఒకరు ఏసా గ్రే, మొక్కల శాస్త్రవేత్త. ఇంకొకరు లూయీ అగాసీ, జంతు శాస్త్రవేత్త. అగాసీ గారి పద్ధతి చిత్రంగా ఉండేది. శిష్యుడి చేతికి ఒక చేపను ఇచ్చి, చూడు అని వదిలేసి పోయేవారు. పుస్తకం ఇవ్వరు, ఏం చూడాలో చెప్పరు. శిష్యుడు రోజుల తరబడి ఆ చేపనే చూస్తూ, బొమ్మ గీస్తూ, తనంతట తనే తెలుసుకోవాలి. ఈ అలవాటు బీల్ మాస్టారికి బాగా పట్టింది.

1870లో ఆయన మిషిగన్ వ్యవసాయ కాలేజీకి వచ్చారు. ఇప్పుడు దాన్ని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ అంటారు. ఆ కాలేజీలో ప్రతి విద్యార్థీ రోజుకు 3 గంటలు ఒళ్లు వంచి పని చేయాలనే నియమం ఉండేది. పొలం పని, తోట పని, రోడ్ల పని. పొద్దున్నే ఆవరణ ఊడ్చి, కుండీలకు నీళ్లు మోసే మనకు ఇది వింత కాదు. మాస్టారు తరగతిలో కూడా పని చేయించేవారు. మొదటి రోజునే పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. ముందు ఒక గింజ, ఒక మొలక, లేకపోతే ఒక కొమ్మ చేతిలో పెట్టేవారు. ఏం కనబడిందో విద్యార్థి చెప్పాలి, బొమ్మ వేయాలి. పుస్తకం ఆ తర్వాతే. నా అభిప్రాయం ఏమిటంటే, ప్రశ్న జవాబులు బట్టీ పట్టడం కంటే ఇది కష్టం, కాని ఇలా నేర్చుకున్నది మరచిపోవడం కూడా కష్టమే.

1873లో ఆయన కాలేజీలో ఒక చిన్న తోట వేశారు. రకరకాల గడ్డి మొక్కలు, పశువుల మేత మొక్కలు వరసల్లో పెంచి విద్యార్థులకు చూపించేవారు. ఆ తోట ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది. అమెరికాలో యూనివర్సిటీల బోటనీ తోటల్లో మధ్యలో ఆగకుండా నడుస్తున్న వాటిలో అదే పాతది.

ఇప్పుడు 1879 సంగతి.

ఆ రోజుల్లో రైతులను పీడించే పెద్ద సమస్య కలుపు. ఎంత తీసినా మళ్లీ వస్తుంది. ఒక్క మొక్కను కూడా గింజ పట్టనీయకుండా పీకేసినా మరుసటి ఏడు మళ్లీ మొలుస్తుంది. మన ఊళ్లలో చోళ్ల చేలో కలుపు తీసే అమ్మలను అడగండి, ఈ మాటే చెబుతారు. బయటి నుంచి గింజ రాకపోతే ఈ కలుపు ఎక్కడిది? నేల లోపల పాత గింజలు ఉన్నాయన్న మాట. అయితే ఎన్నేళ్లు ఉంటాయి? ఎన్నేళ్లు వరసగా తీస్తే నేల శుభ్రపడుతుంది? దీనికి ఎవరి దగ్గరా సరైన లెక్క లేదు. ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి చెప్పేవాళ్లు. మాస్టారు వాదించడం మానేసి గింజలనే అడగాలని అనుకున్నారు.

ఆయన అర లీటరు పట్టే గాజు సీసాలు 20 తీసుకున్నారు. ఆ చుట్టుపక్కల పొలాల్లో దొరికే 21 రకాల విత్తనాలు తీసుకున్నారు. రకానికి 50 గింజలు చొప్పున లెక్కపెట్టి తడి ఇసుకలో కలిపి ఒక్కొక్క సీసాలో పోశారు. అంటే సీసాకు 1,050 గింజలు, 20 సీసాలకు 21,000. మన ఇంటి పేర్లు చెప్పాలంటే ఆ గింజల్లో మన పోపులో వేసే నల్ల ఆవాలు ఉన్నాయి, పావిలి కూర (కొన్ని ఊళ్లలో గంగవాయల కూర అంటారు) ఉంది, తోటకూర జాతి కలుపు ఒకటి, కొర్ర జాతి గడ్డి ఒకటి ఉన్నాయి. మిగతావి చాలావరకు చల్లని దేశాల మొక్కలు.

సీసాలకు బిరడా పెట్టలేదు. నేలలో ఉండే గాలి, చెమ్మ గింజకు తగలాలి, లేకపోతే అది నేలలో ఉన్నట్టు కాదు కదా. కాని మూతి పైకి ఉంటే వాన నీరు నిండి గింజలు కుళ్లిపోతాయి. అందుకని మూతి కిందికి వాలేటట్టు ఏటవాలుగా పెట్టారు. కాలేజీ ఆవరణలో ఒక ఇసుక దిబ్బ మీద, మూరెడు కంటే రెండంగుళాలు ఎక్కువ లోతున, 20 సీసాలూ పాతిపెట్టారు. ఎవరూ తవ్వి పాడు చేయకుండా చోటు రహస్యంగా ఉంచి పటం గీసుకున్నారు.

5 ఏళ్లకు ఒక సీసా తీసి గింజలు మొలుస్తాయో లేదో చూడాలి. ఇది ఆయన వేసిన లెక్క. 20 సీసాలు, 5 ఏళ్లకు ఒకటి, అంటే నూరేళ్లు. అప్పటికి ఆయన వయసు 46. ఆఖరి సీసా తీసే నాటికి తాను ఉండనని ఆయనకు గుంట తవ్వే రోజునే తెలుసు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ లెక్కే.

ఇక్కడ కొంచెం ఆగి విత్తనం నిద్ర గురించి చెప్పాలి. మన పుస్తకంలో దీన్ని సుప్తావస్థ అని రాస్తారు. నీరు, గాలి, తగిన వేడి ఉంటే గింజ మొలవాలి. మూడూ ఉన్నా మొలవకపోతే, అది చావలేదనుకుంటే, నిద్రలో ఉన్నట్టు. ఈ నిద్రకు కారణాలు రకరకాలు.

కొన్నిటికి పెంకు గట్టిది, నీరు లోపలికి పోదు. తుమ్మ, రేల ఇలాంటివే. అందుకే నర్సరీల్లో వాటిని వేడి నీళ్లలో వేస్తారు, లేకపోతే గరుకు రాయి మీద రుద్దుతారు. మేకలు తుమ్మకాయలు తిని విసర్జించిన గింజలు త్వరగా మొలుస్తాయని మేకల కాపరులకు తెలుసు. మేక కడుపులో పెంకు మెత్తబడుతుంది. టేకు కాయ ఇంకా మొండిది. రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టి, ఇలా వారం పది రోజులు చేస్తే గాని దారికి రాదు. అప్పుడు కూడా అన్నీ ఒకేసారి మొలవవు, కొన్ని మరుసటి ఏడు వానలకు లేస్తాయి. మన హాస్టల్ వెనక మడిలో టేకు గింజలు మొలవలేదని, దాన్ని తవ్వి చదును చేద్దామని కొందరు అంటున్నారు. వార్డెన్ గారికి నా మనవి, వచ్చే వానలు పడేదాకా ఆ మడిని అలాగే ఉంచండి.

కొన్ని గింజలకు చలి కావాలి. హిమాచల్‌లో పండే ఆపిల్ గింజ కొన్ని వారాలు తడిలో, చలిలో ఉంటే తప్ప మొలవదు. చలికాలం గడిచిందని దానికి తెలియాలి. లేకపోతే మంచు ముందు మొలిచి చచ్చిపోతుంది. టమాటా పండు లోపల తడి ఉన్నా గింజ మొలవదు, ఎందుకంటే పండు రసంలో ఆపే పదార్థాలు ఉంటాయి. కడిగేస్తే మొలుస్తుంది.

కొన్నిటికి వెలుతురు కావాలి. ఇది నాకు అన్నిటికంటే వింతగా తోచింది. 1952లో అమెరికాలో బెల్ట్స్‌విల్ అనే చోట బోర్త్‌విక్, హెండ్రిక్స్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల తోటివాళ్లు లెట్యూస్ అనే ఆకుకూర గింజల మీద పరీక్ష చేశారు. ఎర్ర వెలుతురు పడితే మొలిచాయి. వెంటనే దూరపు ఎరుపు అనే వెలుతురు, అంటే మన కంటికి సరిగా కనబడని అంచు ఎరుపు, పడితే ఆగిపోయాయి. మళ్లీ ఎరుపు వేస్తే మళ్లీ మొలిచాయి. చివర ఏది పడితే దాని మాటే చెల్లింది. చిన్న గింజ లోతులో మొలిస్తే పైకి రాకముందే దానిలోని తిండి అయిపోతుంది, అందుకే అది వెలుతురు కోసం కాచుకుని ఉంటుంది. మనం నాగలి కట్టి దున్నినప్పుడు లోపలి గింజలు పైకి వచ్చి వెలుగు చూస్తాయి. దున్నిన వారానికే కలుపు ఎందుకు పచ్చగా లేస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా.

నిద్ర చెడ్డది అనుకోకండి. కోతల వేళ తుఫాను వస్తే, నిద్ర లేని వరి రకాలు కంకి మీదే మొలకెత్తిపోతాయి. గుత్తి వేరుశనగ రకాలు కూడా అంతే, పీకక ముందు వాన పడితే నేలలోనే మొలుస్తాయి. నిద్ర ఉన్న రకం అయితే రైతు గట్టెక్కుతాడు. మరోవైపు అసలు నిద్రే ఎరుగని గింజలు మన అడవిలో ఉన్నాయి. ఇప్ప, గుగ్గిలం, పనస, వీటిని ఎండబెట్టి దాచుకోవడం కుదరదు. రాలిన కొద్ది రోజుల్లోనే నాటాలి. ఆలస్యం చేస్తే అది నిద్ర కాదు, చావే.

బీల్ మాస్టారి కాలంలో ఈ కారణాలు చాలావరకు తెలియవు. ఆయనకు తెలిసింది లెక్కపెట్టడం, కాచుకోవడం. 1884లో మొదటి సీసా బయటికి వచ్చింది. తర్వాత 1889, 1894, అలా వరసగా. కొన్ని రకాలు తొందరగా పోయాయి. కొన్ని నిలిచాయి.

మధ్యలో ఆయన చేతులు కట్టుకు కూర్చోలేదు. మొక్కజొన్నలో రెండు రకాలను పక్క పక్క వరసల్లో వేసి, ఒక రకానికి పైన వచ్చే మగ పూతను కోసేసి, రెండో రకం పుప్పొడితోనే కట్టేటట్టు చేశారు. ఆ గింజతో వేసిన పంట ఎక్కువ దిగుబడి ఇచ్చింది. ఇప్పుడు మన ఊళ్లలో దుకాణంలో కొనే హైబ్రిడ్ మొక్కజొన్న ప్యాకెట్టుకు వెనక ఉన్న తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. ఆయన మీద డార్విన్ గారి పుస్తకాల ప్రభావం ఉంది. ఉత్తర అమెరికా గడ్డి జాతుల మీద రెండు సంపుటాల పెద్ద గ్రంథం రాశారు. మిషిగన్‌లో కలప వ్యాపారులు పైన్ అడవులను నరుక్కుంటూ పోతుంటే, అడవిని మళ్లీ పెంచాలని ప్రచారం చేశారు, కాలేజీలో చెట్లు నాటించి చూపించారు. 1890లో ఆయన బోటనీ లాబొరేటరీ భవనం అగ్ని ప్రమాదంలో కాలిపోయింది. నేల కింద ఉన్న సీసాలకు మాత్రం ఏమీ కాలేదు.

1910లో రిటైరయ్యారు. అప్పటికి ఆయన వయసు 77. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏమ్‌హర్స్ట్ అనే ఊరికి వెళ్లిపోయారు. కూతురు జెస్సీ భర్త రే స్టానర్డ్ బేకర్ ఆ కాలంలో పేరున్న పత్రికా రచయిత. పోయే ముందు సీసాల పని కాలేజీకి అప్పజెప్పారు. తర్వాత హెన్రీ డార్లింగ్టన్ అనే మాస్టారు దాన్ని తీసుకున్నారు. ఇంకా బతికి ఉన్న గింజలు కనబడుతున్నాయి కాబట్టి, సీసాలు తొందరగా అయిపోకుండా 1920 నుంచి 10 ఏళ్లకు ఒకటి తీయాలని మార్చారు. 1924 మే 12న బీల్ మాస్టారు కన్నుమూశారు. 91 ఏళ్లు బతికారు. ఆనాటికి నేలలో ఇంకా 12 సీసాలు ఉన్నాయి.

ఆ తర్వాత జరిగింది వినండి. 1930లో, అంటే 50 ఏళ్లకు, నల్ల ఆవాలు కొన్ని మొలిచాయి. 80 ఏళ్లకు మూడు రకాలే మిగిలాయి. అందులో ఒకటి మాత్రం మొండిగా నిలిచింది. దాని పేరు మాత్ ముల్లెన్. పసుపు పూలు పూసే కలుపు మొక్క, గింజ ఆవగింజ కంటే చాలా చిన్నది. 80 ఏళ్లకు దాని 50 గింజల్లో 35 మొలిచాయి. 90 ఏళ్లకు 10, నూరేళ్లకు 21. తగ్గి మళ్లీ పెరగడం ఏమిటని అడగకండి, ఒక సీసా ఇంకో సీసాలా ఉండదు, మొలిపించే పద్ధతి కూడా ప్రతిసారీ ఒకటే కాదు. 1980లో నూరేళ్లు నిండాయి గాని సీసాలు మిగిలి ఉన్నాయి. దాంతో 20 ఏళ్లకు ఒకటి అని మళ్లీ మార్చారు. 2000లో తీసిన సీసాలో 23 మొలిచాయి. దానితోపాటు మాలో జాతి గింజ ఒకటి, కొన్నాళ్లు చలిలో పెట్టాక, లేచింది.

2020లో తీయవలసింది కరోనా వల్ల ఒక ఏడాది ఆగింది. 2021 ఏప్రిల్‌లో తెల్లవారుజామున, చీకట్లో, మంచి చలిలో, ఫ్రాంక్ టెలెవ్‌స్కీ అనే ప్రొఫెసర్, ఆయన తోటివాళ్లు పటం పట్టుకుని దిబ్బ దగ్గరికి పోయారు. ఆ జట్టులో మొదటిసారిగా ఆడవాళ్లు కూడా ఉన్నారు. తలకు కట్టుకున్న దీపాలు ఆకుపచ్చ రంగువి. ఎందుకో మీరే చెప్పగలరు. మామూలు వెలుతురు పడితే గింజ అక్కడే మేల్కొంటుంది కదా! సీసా దొరికింది. 50లో 20 మొలిచాయి. 142 ఏళ్లు నేలలో ఉన్న గింజలు! అందులో ఒక మొక్క రెండు ముల్లెన్ రకాలు కలిసిన సంకరమని జన్యు పరీక్షలో తేలింది. 1879లో గింజలు ఏరి లెక్కపెట్టిన మాస్టారికి ఆ తేడా కనబడే వీలు లేదు.

ఇంకా 4 సీసాలు నేలలో ఉన్నాయి. 2040, 2060, 2080, 2100 సంవత్సరాల్లో తీస్తారు. 2040లో ఆ సంగతి పేపర్లో వస్తే మనలో ఎవరో ఒకరు తప్పక చదువుతారు. 2100 మాత్రం మన మనవల వంతు.

ఇప్పుడు నా ప్రతిపాదన. మన వంటశాలలో ఖాళీ పచ్చడి సీసాలు 10 ఉన్నాయి. వార్డెన్ గారు అనుమతిస్తే వాటిని బాగా కడిగి, మన ఊళ్ల విత్తనాలు ఇసుకలో కలిపి, కాలవకు దూరంగా ఎత్తైన చోట మూతి కిందికి వాల్చి పాతుదాం. ఏడాదికి ఒకటి, ఆపై తరగతి వాళ్లు తీస్తారు. పటం వార్డెన్ గారి బీరువాలో ఉంటుంది. చోళ్లు, సామలు, వలిసెలు, కందులు, తుమ్మ, రేల, తోటకూర, పావిలి ఏదైనా పనికి వస్తుంది. ఇప్ప, పనస వద్దు, కారణం పైన రాశాను. వయ్యారిభామ అసలు వద్దు, అది పిలవకుండానే వస్తుంది. ఏ రకమైనా 500 గింజలు ఉండాలి, ఎండి ఉండాలి. కాగితం పొట్లం కట్టి, పైన మొక్క పేరు, మీ ఊరి పేరు, ఏ నెలలో ఏరారో రాసి, శనివారం సాయంత్రం స్టడీ అవర్ లోపు 9వ తరగతి గదిలో నాకు ఇవ్వండి.